క్లాసులో లెక్కల పిల్లను కనిపెట్టి పెంచడం ఎలా? హైస్కూలు టీచర్లకు సమగ్ర మార్గదర్శి

జిల్లా పరిషత్ హైస్కూళ్లలో లెక్కలు చెప్పే టీచర్ల కోసం ఇది రాస్తున్నాను. హోంవర్కు పది నిమిషాల్లో ముగించి మిగతా సాయంత్రమంతా ఇల్లు పీకి పందిరేసే పిల్లలున్న తల్లిదండ్రులు చదివినా పనికొస్తుంది.

ఆరో తరగతి నుంచి పదో తరగతి వరకు ఏ సెక్షన్ చూసినా, మనం బోర్డు మీద సగం రాసేసరికే మిగతా సగం పట్టేసేవాళ్లు ఒకరిద్దరు ఉంటారు. వాళ్ల గురించి మనకు టెన్షన్ ఉండదు. ఎలాగూ పాసవుతారు కదా! వెనకబడ్డవాళ్లకు స్పెషల్ క్లాసులు పెడతాం, పెట్టాలి కూడా. వీళ్లతో మాత్రం "నీకు వచ్చుగా, కూర్చో" అంటాం. అలా ఐదేళ్లు కూర్చున్న పిల్ల ఇంటర్‌లో మొదటిసారి నిజంగా కష్టమైన లెక్క ఎదురైతే బిత్తరపోతుంది. లెక్క రాకపోవడం అంటే ఏమిటో ఆ పిల్లకు అంతవరకు తెలియదు మరి.

ప్రతిభ ఉన్న పల్లెటూరి పిల్లలకు ప్రత్యేకంగా బడి ఉండాలన్న ఆలోచన మన దగ్గర పాతదే. 1971లో పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉండగా నల్గొండ జిల్లా సర్వేల్‌లో గురుకులం మొదలైంది. మరుసటి ఏడాది తాడికొండ, కొడిగెనహళ్లి వచ్చాయి. ఆయనే ఢిల్లీలో మానవ వనరుల శాఖ చూస్తున్న రోజుల్లో నవోదయలు మొదలయ్యాయి. ఆ బడుల నుంచి వచ్చినవాళ్లు ఎక్కడెక్కడ ఉన్నారో మీకు తెలుసు. కానీ నవోదయలో ఆరో తరగతికి ఉండేవి 80 సీట్లు. అక్కడ సీటు రాని పిల్ల, అసలు దరఖాస్తే పెట్టని పిల్ల మీ క్లాసులోనే, మూడో బెంచీలో కూర్చుని ఉంది. ఆ పిల్ల కోసం మీ నలభై ఐదు నిమిషాల పీరియడ్‌లో ఏం చేయవచ్చో చెబుతాను.

మొదటి మెట్టు: ఒక నెల ఊరికే చూడండి

ముందుగా మార్కుల రిజిస్టరు మూసేయండి. ఫస్టు ర్యాంకు పిల్లకు ప్రతిభ లేదని నా ఉద్దేశం కాదు. ఉండవచ్చు. కానీ మన పరీక్షలు ఎక్కువగా కొలిచేది జ్ఞాపకం, శుభ్రమైన రాత, చెప్పిన మాట వినడం. ఒకసారి వింటే అప్పజెప్పేవాణ్ణి ఏకసంథాగ్రాహి అని మురిసిపోవడం మనకు తాతల నాటి అలవాటు. అది గొప్ప గుణమే, లెక్కల బుర్ర మాత్రం వేరే సంగతి.

పరీక్షను మరీ నమ్మితే ఏమవుతుందో అమెరికాలో ఒకసారి తేలింది. స్టాన్‌ఫర్డ్ ప్రొఫెసర్ లూయిస్ టెర్మన్ 1921లో కాలిఫోర్నియా పిల్లలకు ఐక్యూ పరీక్షలు పెట్టి, పదిహేను వందల మందికి పైగా మేధావులను ఏరి, జీవితాంతం వాళ్లను గమనిస్తూ వచ్చాడు. ఆ వడపోతలో పరీక్ష రాసి కూడా ఎంపిక కాని పిల్లల్లో విలియం షాక్లీ, లూయిస్ అల్వారెజ్ ఉన్నారు. ఇద్దరికీ తర్వాత భౌతికశాస్త్రంలో నోబెల్ వచ్చింది, 1956లో ఒకరికి, 1968లో మరొకరికి. ఏరినవాళ్లలో ఒక్కరికీ రాలేదు.

అందుకని ఒక చిన్న నోటుబుక్ జేబులో పెట్టుకుని నెల రోజులు ఈ పిల్లల కోసం చూడండి:

- జవాబు సరిగ్గా ఉంటుంది కానీ మధ్యలో మెట్లు రాయరు. "ఎలా వచ్చింది?" అంటే "అలాగే వచ్చింది సార్" అంటారు. కాపీ కొట్టారని తొందరపడి తిట్టకండి. పక్కన కూర్చోబెట్టి అంకెలు మార్చి ఇంకో లెక్క ఇచ్చి చూడండి.
- మీరు చెప్పిన సూత్రం ఎప్పుడు పనిచేయదో అడుగుతారు. విసుగు పుట్టించే ప్రశ్నే, కానీ ఇంతకన్నా మంచి గుర్తు నాకు కనబడలేదు.
- పని ముందే ముగించి పక్కవాళ్లను గిల్లుతుంటారు. అల్లరి జాబితాలో ఎక్కే పేర్లను ఒకసారి ఈ కళ్లతో కూడా చూడండి.

వీళ్లు కనిపించేవాళ్లు. కనిపించని వాళ్లున్నారు, అసలు శ్రమ అక్కడే. మా పల్నాడు వైపు మిరప కోతల రోజుల్లో నెలకు పది రోజులు బడికి రాని పిల్ల మధ్యలో చాప్టర్లు పోగొట్టుకుంటుంది, మార్కులు పడిపోతాయి. ఇంట్లో లంబాడీయో ఉర్దూనో మాట్లాడే పిల్లకు తెలుగులో రాసిన రాతలెక్క అర్థం కావడానికే సగం టైము పోతుంది. ఆడపిల్లలు చాలామంది జవాబు తెలిసినా చెయ్యి ఎత్తరు. చెయ్యి ఎత్తినవాళ్లనే అడుగుతూ పోతే వాళ్లు పదో తరగతి దాకా మీకు కనబడకుండానే వెళ్లిపోతారు.

రెండో మెట్టు: సిలబస్‌లో లేని లెక్క ఇవ్వండి

మలావత్ పూర్ణ గుర్తుందా? 2014 మే 25న, పద్నాలుగేళ్లు నిండకుండానే ఎవరెస్టు ఎక్కిన సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థిని. ఆమె ఎక్కగలదని తెలిసింది భువనగిరి గుట్ట మీద శిక్షణలో. ఎక్కించి చూస్తేనే కదా ఎవరు ఎక్కగలరో తేలేది. లెక్కలకూ అంతే. ఎవరూ నేర్పని లెక్క ఇచ్చి, మార్కులు లేవని చెప్పి, రాత్రంతా టైమిచ్చి చూడాలి. నేను వాడేవి ఇవి.

ఒకటి: 1 నుంచి 100 వరకు అన్ని సంఖ్యలూ రాస్తే 9 అనే అంకెను ఎన్నిసార్లు రాస్తాం? జవాబు 20. పది అన్నవాళ్లు తొంభైల్లోని పదుల స్థానం మర్చిపోయారు. 19 అన్నవాళ్లు 99ని ఒకసారే లెక్కపెట్టారు. నేను 19 చెప్పిన పిల్లను కూడా రాసుకుంటాను. వాళ్లు ఒక పద్ధతిలో ఆలోచించారు.

రెండు: 27 కబడ్డీ జట్లు వచ్చాయి. ఓడిన జట్టు ఇంటికే. విజేత తేలేవరకు ఎన్ని మ్యాచ్‌లు? చాలామంది రౌండ్లు గీసి, మిగిలిపోయిన జట్టును ఏం చేయాలో తెలియక తికమకపడతారు. ఒక్కో మ్యాచ్‌కు ఒక్క జట్టు ఇంటికి పోతుంది, 26 జట్లు పోవాలి, కాబట్టి 26 మ్యాచ్‌లు. ఇలా చెప్పిన పిల్ల దొరికితే ఆ రోజు పండగే.

మూడు: 9 ని 4 + 5 గా, 15 ని 7 + 8 గా, 4 + 5 + 6 గా, 1 + 2 + 3 + 4 + 5 గా రాయవచ్చు. ఇలా వరుస సహజ సంఖ్యల మొత్తంగా రాయలేని సంఖ్యలు ఏవి? దీనికి వారం ఇవ్వండి. 1, 2, 4, 8, 16 అని పట్టికతో వచ్చేవాళ్లుంటారు. "ఎందుకు సార్ అవే?" అని తిరిగి అడిగే పిల్ల పేరు కింద గీత గీసుకోండి.

నాలుగోది ముగ్గు. ఇది నాకు ఒక పిల్ల నేర్పిందంటే సబబు. ఎనిమిదో తరగతి, లెక్కల్లో అరవై మార్కులు దాటవు, ఏడాదంతా నోరు విప్పింది లేదు. సంక్రాంతి సెలవుల ముందు బోర్డు మీద "7 చుక్కలు, సరి చుక్క, 1 వరకు. మొత్తం ఎన్ని చుక్కలు?" అని రాశాను. అందరూ 1 + 3 + 5 + 7 + 5 + 3 + 1 కూడి 25 అన్నారు. ఈ పిల్ల నోటుబుక్‌లో చుక్కలను ఏటవాలుగా గీతలతో కలిపి ఉంది. "పక్కకు తిప్పి చూస్తే నాలుగు నాలుగుల గడి ఒకటి, దాని సందుల్లో మూడు మూళ్ల గడి ఒకటి ఉన్నాయి సార్" అంది. 16 + 9. నాకు ఇరవై ఏళ్ల సర్వీసులో తట్టని సంగతి అది. సరేనని మర్నాడు "15 చుక్కలు, సందు చుక్క, 8 వరకు" ఇచ్చాను. మధ్య చుక్క తీసేసి మిగతాదాన్ని ఆరు త్రిభుజాలుగా కోసింది. ఒక్కో దాంట్లో 28, మొత్తం 169. ముగ్గు వేసే చేతికి ఆకారాన్ని కోయడం తెలుసు. మనం ఆ భాషలో అడగలేదు, అంతే.

మూడో మెట్టు: ఇంటికి కబురు

బడి నుంచి పిలుపు వస్తే తల్లిదండ్రులు భయపడతారు. ముగ్గుల పిల్ల తల్లి మొదట అడిగిన మాట, "ఏం చేసింది సార్ మా పిల్ల? ఎవరినన్నా కొట్టిందా?" కాబట్టి "ఏం లేదమ్మా, మంచి విషయమే" అని ముందే చెప్పండి.

మేధావి, జీనియస్ లాంటి మాటలు వాడకండి. అవి ఊరంతా తిరిగి పిల్ల నెత్తిన బరువై కూర్చుంటాయి. "లెక్కల్లో బాగా ఆలోచిస్తోంది, కొంచెం కష్టమైనవి ఇస్తాను, అప్పుడప్పుడు రావట్లేదని ఏడిస్తే కంగారు పడకండి" అంటే చాలు. అప్పు చేసి కార్పొరేట్ బడిలో వేద్దామా అని అడిగే తండ్రులుంటారు. నా అభిప్రాయం మొహమాటం లేకుండా చెబుతాను: ఏడో తరగతి పిల్లకు పొద్దున్నుంచి రాత్రి దాకా స్టడీ అవర్లు పెట్టి ఒకే రకం లెక్క రెండు వందలసార్లు చేయిస్తే వేగం వస్తుంది, ఉత్సాహం పోతుంది.

నాలుగో మెట్టు: వచ్చినదాన్ని మళ్లీ చేయించకండి

చాప్టర్ మొదలుపెట్టే ముందు రోజు ఆ చాప్టర్ చివర్లో ఉండే గట్టి లెక్కలు ఐదు తీసి ఆ ఒకరిద్దరికి ఇవ్వండి. నాలుగు చేసేస్తే ఆ చాప్టర్ అభ్యాసాలు వాళ్లకు మాఫీ. కొత్త పదాలు, నిరూపణలు చెప్పే రోజు మాత్రం అందరితోపాటు వినాలి. రెండే చేస్తే ఏ భాగం రాలేదో అదే చేయించండి.

ఇలా మిగిలిన టైములో ఏం చేయాలి? పై తరగతి పుస్తకం చేతికివ్వడం అందరికీ తట్టే ఉపాయం. నాకది ఇష్టం లేదు. ఏడాది తర్వాత ఆ పిల్ల మళ్లీ అదే పాఠం ముందు ఆవలిస్తూ కూర్చుంటుంది. అదే చాప్టర్‌లో లోతుకు తీసుకెళ్లండి. ఏకచరరాశిలో రేఖీయ సమీకరణాలు నడుస్తున్నాయనుకోండి. క్లాసు 5x = 50 దగ్గర ఉన్నప్పుడు ఈ పిల్లకు ఇలా ఇవ్వండి: 5 రూపాయల, 2 రూపాయల నాణేలతో 50 రూపాయలు ఎన్ని రకాలుగా ఇవ్వవచ్చు? ఆరు రకాలు, ఒకే రకం నాణేలతో ఇచ్చినవి కూడా కలిపి. తర్వాత, ఈ నాణేలతో అసలు ఇవ్వలేని మొత్తాలు ఏవి? ఒకటీ మూడూ మాత్రమే. ఇప్పుడు 5 రూపాయల, 7 రూపాయల నాణేలున్న ఊరు ఒకటి ఊహించమనండి. అక్కడ ఇవ్వలేని అతి పెద్ద మొత్తం ఎంత? 23. నాణేలు మారిస్తే? ఇక్కడి నుంచి పిల్లే ప్రశ్నలు పుట్టిస్తుంది, మీరు పక్క బెంచీలో సమీకరణం రాని పిల్లవాడి దగ్గరకు వెళ్లవచ్చు.

ఈ మెట్టు దగ్గర మనం చేసే తప్పు ఒకటుంది. తొందరగా ముగించిన పిల్లను "పో, వాళ్లకు చెప్పు" అని చిన్న టీచరును చేసేస్తాం. వారానికి ఒకసారైతే మంచిదే, చెబితే తనకూ పాఠం స్పష్టపడుతుంది. రోజూ అయితే అది మన పని వాళ్ల మీద వేయడం.

ఐదో మెట్టు: ఇరుక్కోవడం అలవాటు చేయండి

నాకు ఎక్కువ కాలం పట్టింది ఇక్కడే. ఎప్పుడూ వెంటనే జవాబు వచ్చే పిల్లకు రాకపోవడం అవమానంగా ఉంటుంది. నోటుబుక్ మూసేసి "ఇష్టం లేదు సార్" అంటుంది. ఒకడైతే కడుపునొప్పి అని రెండు రోజులు బడే ఎగ్గొట్టాడు.

ఒక నోటుబుక్ విడిగా పెట్టించండి. ఎడమ పేజీలో లెక్క, ఎక్కడ ఆగిపోయిందో రెండు వాక్యాలు. కుడి పేజీ దారి దొరికినప్పుడు. మూడు రోజుల వరకు మీరు సూచన ఇవ్వకూడదు. నాలుగో రోజు ఒక్క ప్రశ్న అడగండి: "చిన్న సంఖ్యతో చేసి చూశావా?" తొంభై శాతం సార్లు నేనిచ్చే సూచన ఇదొక్కటే. మీకు కూడా రాని లెక్కయితే రాదని చెప్పేయండి, నోటుబుక్‌లో మీరూ ఒక పేజీ తీసుకోండి. టీచరు ఇరుక్కుని బయటపడడం కళ్లారా చూసిన పిల్లకు మూడు ఉపన్యాసాలు అక్కర్లేదు.

మెచ్చుకోవడంలోనూ జాగ్రత్త కావాలి. 1998లో క్లాడియా ముల్లర్, కరోల్ డ్వెక్ ఐదో తరగతి పిల్లలతో చేసిన ప్రయోగాల్లో, తెలివైనవాడివని పొగిడించుకున్నవాళ్లు తర్వాత సులువైన పని వైపు మొగ్గారు, ఓడిపోయాక త్వరగా వదిలేశారు. శ్రమను మెచ్చుకున్న పిల్లలు కష్టమైనదాన్ని ఎంచుకున్నారు. కాబట్టి "అబ్బ, ఏం బుర్రరా" అనే నోటిని కట్టేసుకుని "రెండో పద్ధతి పని చేయలేదని ఎలా కనిపెట్టావు?" అని అడగడం నేర్చుకున్నాను. ఇప్పటికీ నెలకోసారి నోరు జారుతుంటుంది.

లెక్కలు ఎక్కడ దొరుకుతాయంటారా? ఎన్‌సీఈఆర్‌టీ ఎగ్జెంప్లర్ పుస్తకాలు ఉచితంగా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయం వాళ్ల ఎన్‌రిచ్ వెబ్‌సైటు కూడా ఉచితమే. జామెట్రీకి జియోజీబ్రా ఫోన్లోనే పనిచేస్తుంది. ఇవి ఎక్కువగా ఇంగ్లీషులోనే ఉంటాయి. మొదటి ఆరు నెలలు మీరే తెలుగులో చెప్పి ఇవ్వండి. ఆ తర్వాత ఎడమ పేజీలో లెక్కను ఇంగ్లీషులోనే రాయించండి.

ఆరో మెట్టు: పరీక్షలు, వాటికన్నా కష్టమైన కాగితాలు

పరీక్షను గమ్యంగా పెట్టకండి. కానీ డబ్బు, సీటు వచ్చేది పరీక్షల ద్వారానే కాబట్టి వదలకండి.

ఐదో తరగతిలో నవోదయ ప్రవేశ పరీక్ష. 80 ప్రశ్నలు, రెండు గంటలు, తెలుగులో రాయవచ్చు. అందులో సగం, అంటే 40 ప్రశ్నలు, మెంటల్ ఎబిలిటీవి. కనీసం 75 శాతం సీట్లు గ్రామీణ ప్రాంతాల పిల్లలకు. ఒక్కసారే అవకాశం, కనుక మీ ఊరి ప్రైమరీ స్కూలు టీచరుకు ముందే చెప్పి ఉంచండి.

ఎనిమిదో తరగతిలో ఎన్‌ఎంఎంఎస్, అంటే పేదింటి ప్రతిభావంతులకు కేంద్రం ఇచ్చే స్కాలర్‌షిప్ పరీక్ష. ప్రభుత్వ, ఎయిడెడ్, స్థానిక సంస్థల బడుల పిల్లలకు మాత్రమే. నవోదయలోనో, ఉచిత వసతి ఇచ్చే ప్రభుత్వ గురుకులంలోనో ఉన్న పిల్లలకు వర్తించదు. కుటుంబ ఆదాయం ఏడాదికి 3.5 లక్షలు మించకూడదు. రెండు పేపర్లు, ఒక్కోటి 90 ప్రశ్నలు, 90 నిమిషాలు. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడాది వరకు ఏడాదికి 12,000 రూపాయలు.

ఆ 12,000 చేతికి రావడంలో ఉంది అసలు కథ. మా పిల్ల ఒకతె రాష్ట్ర జాబితాలో వచ్చింది. ఆధార్‌లో ఇంటిపేరు ఒకలా, బడి రికార్డులో ఇంకొకలా ఉంది, బ్యాంకు ఖాతాలో అసలు లేదు. ఒక ఏడాది స్కాలర్‌షిప్ అలా పోయింది. అప్పటినుంచి ఏడో తరగతిలోనే ఈ మూడూ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం చూస్తున్నాను. ఆదాయ ధ్రువపత్రం చివరి వారం దాకా ఆపకండి. ఎంపికయ్యాక నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో నమోదు చేయాలి, ప్రతి ఏడాది రెన్యువల్ చేయాలి. పిల్ల ఇంటర్‌కు వేరే ఊరు వెళ్లాక ఇది గుర్తుచేసేవాళ్లు ఉండరు, ఫోన్లో రిమైండర్ పెట్టుకోండి.

ఎనిమిది నుంచి పన్నెండు వరకు మ్యాథ్స్ ఒలింపియాడ్ దారి ఉంది. మొదటి మెట్టు ఐఓక్యూఎం అనే అర్హత పరీక్ష: మూడు గంటలు, 30 ప్రశ్నలు, 100 మార్కులు, ప్రతి జవాబూ రెండంకెలలోపు పూర్ణసంఖ్య. నిజం చెప్పాలంటే చాలా కష్టం. మా ముగ్గుల పిల్ల రెండుసార్లు రాసింది, రెండుసార్లూ రాలేదు. అయినా పాత పేపర్లు మాత్రం ప్రతి లెక్కల పిల్లకూ ఇవ్వండి, వాటికి మించిన లెక్కల గని లేదు. అది దాటితే ప్రాంతీయ స్థాయిలో ఆరు లెక్కలకు నిరూపణలు రాయాలి. ఆ పైన జాతీయ స్థాయి, ఆ తర్వాత శిక్షణ శిబిరం.

చేతిపని, పరికరాల మీద ఇష్టమున్న పిల్లకు ఇన్‌స్పైర్ మానక్ ఉంది, పిల్లల కొత్త ఆలోచనలకు కేంద్రం ఇచ్చే అవార్డు. ఆలోచన ఎంపికైతే 10,000 రూపాయలు వస్తాయి. దయచేసి ఆలోచన పిల్లదే అయి ఉండనివ్వండి, ప్రతి ఏడాది అదే వాటర్ అలారం చూసి కళ్లు కాయలు కాశాయి. పది తర్వాత ట్రిపుల్ ఐటీల్లో సీట్లు పదో తరగతి మార్కులతోనే ఇస్తారు. అందుకే లెక్కల పిచ్చిలో సోషల్, హిందీ వదిలేసే పిల్లను ఓ కంట కనిపెట్టాలి. ఎన్‌టీఎస్‌ఈ (జాతీయ ప్రతిభాన్వేషణ పరీక్ష) గురించి ఇంకా అడుగుతున్నారు, అది 2021 నుంచి ఆగిపోయి ఉంది. తేదీలు, నియమాలు మారుతుంటాయి, ప్రతి ఏడాది నోటిఫికేషన్ చదివాకే పిల్లకు చెప్పండి.

ఏడో మెట్టు: తోడు వెతకండి

ఇలాంటి పిల్లకు తన సరదా పంచుకునే మనిషి ఉండరు. శనివారం ఆఖరి పీరియడ్‌లో లెక్కల క్లబ్ పెట్టండి, ఎవరైనా రావచ్చు. మొదటి వారం సమోసాల కోసం ముప్పై మంది వస్తారు, నెల తిరిగేసరికి ఐదుగురు మిగులుతారు. ఆ ఐదుగురు చాలు. వాళ్లలో మీరు నోటుబుక్‌లో రాసుకోని పేరు ఒకటైనా ఉంటుంది. మండలంలో ఇంకో బడి టీచరు ఇదే పని చేస్తుంటే నెలకోసారి లెక్కలు మార్చుకోండి, వాళ్ల పిల్ల పెట్టిన లెక్క మీ పిల్ల చేయాలి. రిటైరైన లెక్కల లెక్చరర్లు ప్రతి టౌన్లోనూ ఉంటారు. "మాస్టారూ, వారానికి ఒక గంట" అని అడిగితే కాదన్నవాళ్లు నాకు తారసపడలేదు.

ఎనిమిదో మెట్టు: అప్పగింత

పదో తరగతి అయ్యాక టీసీ, మార్కుల మెమోతో పాటు ఆ పిల్ల గురించి రెండు పేజీల ఉత్తరం రాసి ఇవ్వండి. మార్కులు రాయొద్దు, అవి మెమోలో ఉన్నాయి. ఏ రకం లెక్క చూస్తే కళ్లు వెలుగుతాయో, ఎక్కడ ఇరుక్కుంటుందో, ఇరుక్కుంటే ఎన్ని రోజులు పట్టు విడవదో, ఇంట్లో ఫోన్ ఎవరి దగ్గర ఉంటుందో రాయండి. వెళ్లే కాలేజీలో లెక్కల లెక్చరర్ పేరు కనుక్కుని ఆయన పేరు మీదే రాయండి. ఇరుక్కున్న లెక్కల నోటుబుక్ పిల్లతోనే వెళ్లాలి. మీకు కావాలంటే జిరాక్స్ తీసుకోండి. కుడి పేజీ ఖాళీగా ఉన్న లెక్కలు వచ్చే జూన్‌లో ఆరో తరగతికి పనికొస్తాయి.